గ్రహముల బాట కనుగొన్న కెప్లరు

జర్మనీ దేశపు నైరుతి భాగమున వైల్ డెర్ ష్టాట్ అను చిన్న పట్టణము కలదు. 1571 వ సంవత్సరము డిసెంబరు 27 వ తేదీన ఆ యూరిలో జోహన్నెస్ కెప్లరు జన్మించెను. నెలలు నిండకమునుపే పుట్టిన బిడ్డ, మిక్కిలి దుర్బలుడు. తండ్రి కూలికి యుద్ధము చేయు సిపాయి. ఏ రాజు జీతమిచ్చిన ఆ రాజు పక్షమున పోరాడుటకు దేశాంతరము పోవుచు వచ్చుచుండెడివాడు; తుద కొకనాడు వెడలిపోయి మరల రాలేదు. తల్లి కాతరీనా పూటకూళ్ల యింటివాని కుమార్తె. ఆమెకు చదువు లేదు. కాని ఆకులు, వేళ్లు, మూలికలు బాగుగా నెరిగినది. ఇరుగుపొరుగువారికి కషాయములు కాచి యిచ్చుచుండెడిది. ఈ కషాయములే ముసలితనమున ఆమె ప్రాణముమీదికి వచ్చినవి. ఆ కథ తరువాత తెలియగలదు.

పసితనమున కెప్లరునకు మశూచికము సోకెను. బ్రదికి బయటపడెను గాని చూపు మందగించెను. దూరపు వస్తువు మసకగా నుండెడిది. ఒక్కొక్కప్పుడు ఒకే వస్తువు పెక్కులై తోచెడిది. ఆకాశమును చదువవలసినవానికి దేవు డిచ్చిన కన్ను లట్టివి! ఐనను 1577 లో ఒక గొప్ప తోకచుక్క పొడచూపినప్పుడు తల్లి ఆ ఆరేండ్ల బాలుని చేయిపట్టుకొని ఊరిబయటి మిట్టమీదికి తీసికొనిపోయి చూపెను. ఆ రాత్రిని అతడు జీవితాంతము మరువలేదు.

వుర్టెంబర్గు ప్రభువులు బీదబాలురకు విద్యార్థి వేతనము లిచ్చు నాచారము కలదు. ఆ వేతనముతో కెప్లరు మఠపాఠశాలలలో చదివి, 1589 లో ట్యూబింగెను విశ్వవిద్యాలయమున చేరెను. మతాచార్యుడు కావలెనని అతని కోరిక. అచ్చట గణితము చెప్పు మిఖాయెల్ మెస్ట్లిను అను ఉపాధ్యాయుడు తరగతిలో పూర్వాచారము ననుసరించి టాలమీ మతమును బోధించుచు, తెలివిగల కొందరు శిష్యులకు మాత్రము కోపర్నికసు మతమును గూడ వివరించుచుండెను. భూమి కదలదు, సూర్యాదులు దాని చుట్టు తిరుగునని మొదటిది. సూర్యుడు నడుమ నుండగా భూమియు నొక గ్రహమై అతని చుట్టు తిరుగునని రెండవది.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. గ్రహములు ఆకాశమున తిన్నగా నడువవు. ఒకప్పుడు ముందునకును, ఒకప్పుడు వక్రించి వెనుకకును నడచును. ఈ నడకను లెక్కించుటకు ప్రాచీనులు చక్రముమీద చక్రమును కల్పించిరి. మన ఆర్యభటాదులును అట్టి వృత్తములతోనే గ్రహస్ఫుటములను గణించిరి. ఈ చక్రములు నిజముగా ఆకాశమున నున్నవా యని అడిగినచో, పాశ్చాత్య పండితులలో పలువురు ఆ ప్రశ్న తమది కాదనెడివారు. లెక్క సరిపోయిన చాలును. నమూనా లెక్కకొరకే గాని నిజముకొరకు కాదని వారి యభిప్రాయము. కెప్లరున కీ మాట రుచింపలేదు. గ్రహము ఎచ్చట నుండునో చెప్పిన చాలదు, ఏల అచ్చటనే యుండునో చెప్పవలెనని అతని పట్టుదల. అతని జీవితమంతయు ఈ 'ఏల' అను ప్రశ్నకొరకే వ్యయమయ్యెను.

చదువు ముగియకమునుపే, 1594 లో, ఆస్ట్రియాలోని గ్రాట్సు పట్టణపు పాఠశాలలో గణితోపాధ్యాయుని పని ఖాళీ పడగా విశ్వవిద్యాలయమువా రతనిని పంపిరి. అతడు మంచి బోధకుడు కాడని చెప్పక తప్పదు. మాటాడుచు మాటాడుచు మనస్సులో మెరసిన మరియొక విషయము వెంట పోయెడివాడు. మొదటి యేట కొద్దిమంది విద్యార్థులు వచ్చిరి. రెండవ యేట ఒక్కడును రాలేదు! ఏటేట పంచాంగము వ్రాయుటయు అతని విధులలో నొకటి. మొదటి పంచాంగములో గొప్ప చలియు, తురుష్కుల దండయాత్రయు రాగలవని వ్రాసెను. రెండును జరుగుటచే ఊరిలో అతని పేరు మారుమ్రోగెను. ఆ కీర్తిలో విద్య పాలెంతయో, అదృష్టము పాలెంతయో అతనికే బాగుగా తెలియును.

1595 జూలై 19 వ తేదీన అతడు తరగతిలో నల్లబల్లమీద ఒక వృత్తమును, దానిలో అనేక త్రిభుజములను గీయుచుండెను. గురుశనులు ఇరువదేండ్ల కొకమారు ఆకాశమున ఎచ్చటెచ్చట కలిసికొందురో చూపుటకు గీచిన బొమ్మ యది. త్రిభుజముల భుజములు లోపల తాకి మరియొక చిన్న వృత్తము నేర్పరచినవి. పెద్దదానికిని, చిన్నదానికిని గల నిష్పత్తి శనికక్ష్యకును గురుకక్ష్యకును గల నిష్పత్తివలె నుండెను. సుద్దముక్క చేతనుండగనే కెప్లరు నిశ్చేష్టుడయ్యెను. గ్రహముల యెడములు యాదృచ్ఛికములు కావేమో! వాని వెనుక క్షేత్రగణిత మున్నదేమో!

త్రిభుజములు, చతురస్రములు పెట్టి చూచెను, కుదురలేదు. అంత ఘనాకృతులు తట్టినవి. ముఖములన్నియు ఒకే సమబహుభుజియై, మూలలన్నియు ఒకే తీరుగా నుండు ఘనాకృతులు లోకమున అయిదే కలవని యూక్లిడు కాలమునుండి తెలిసిన విషయమే. అప్పటికి తెలిసిన గ్రహములు భూమితో గూడ ఆరు. ఆరింటి నడుమ ఎడము లయిదు! శనిగోళములో ఘనము, దానిలో గురుగోళము, అందులో చతుర్ముఖి, పిదప కుజుడు, ద్వాదశముఖి, భూమి, వింశతిముఖి, శుక్రుడు, అష్టముఖి, అన్నిటికంటె లోపల బుధుడు. ఒక డబ్బాలో నొకటి అమర్చిన డబ్బాలవలె సర్వము నిమిడిపోయెను. కెప్లరు ఆనందమునకు మేరలేదు. 1596 లో ఈ విషయమును 'విశ్వరహస్యము' అను గ్రంథముగా వ్రాసెను. ఈ నమూనాను వెండితో పానపాత్రగా చేయింపుమని వుర్టెంబర్గు ప్రభువును వేడి, కాగితముతో తానే యొక ప్రతిరూపమును చేసి చూపెను. వెండిపాత్ర మాత్రము పూర్తికాలేదు.

ఈ నమూనా తప్పు. 1781 లో యురేనసును కనుగొన్నప్పుడు ఆరు గ్రహములు, అయిదు ఎడములు అను మాటయే చెల్లకపోయెను. ఐనను తప్పు నమూనాయైనంత మాత్రమున అది వ్యర్థమైనదా? దానిని పరీక్షింప బూనుటచేతనే కెప్లరునకు మంచి కొలతలు కావలసివచ్చెను. తన లెక్కలు కొంచెము కొంచెము తేడాగా నుండుట అతడు చూచెను. తేడా తన నమూనాలో నున్నదో, కోపర్నికసు వాడిన పాత కొలతలలో నున్నదో తెలియలేదు. అత్యుత్తమములైన కొలతలు నాడు లోకమున ఒక్కనియొద్దనే యుండెను. అతడు టైకో బ్రాహీ.

టైకో డెన్మార్కు దేశపు ప్రభువంశీయుడు. యౌవనమున ద్వంద్వయుద్ధములో ముక్కు తెగగా లోహపు ముక్కు తగిలించుకొని తిరుగువాడు. దూరదర్శిని ఇంకను పుట్టని ఆ దినములలో, గోడలంతటి పెద్ద యంత్రములను నిర్మించుకొని, ఇరువదేండ్లకు పైగా రాత్రులు మేల్కొని గ్రహములను కొలిచెను. వృత్తమున 360 డిగ్రీలు. డిగ్రీలో 60 వ వంతు కళ. టైకో కొలతలలో దోషము ఒకటి రెండు కళలకు మించదు. పున్నమి చంద్రుని వ్యాసము సుమారు 30 కళలని తెలిసికొన్నచో ఆ నేర్పు ఎట్టిదో బోధపడును. స్వదేశమున రాజుతో పొసగక అతడు ప్రేగు నగరము చేరి, చక్రవర్తి రెండవ రుడాల్ఫునకు ఆస్థాన గణితజ్ఞుడై యుండెను.

ఇంతలో గ్రాట్సులో మతకలహములు చెలరేగెను. ప్రొటెస్టెంటులు మతము మార్చుకొనవలెను, లేదా ఊరు విడువవలెనని ఆజ్ఞ పుట్టెను. కెప్లరు మతము మార్చుకొనలేదు. అప్పటికి అతనికి వివాహమై, పుట్టిన బిడ్డ లిద్దరును పసితనముననే పోయియుండిరి. 1600 ఫిబ్రవరిలో ప్రేగు చేరువనున్న బెనాట్కీ కోటలో అతడు టైకోను కలిసికొనెను. ఆ యేడే గ్రాట్సునుండి కుటుంబముతో వెడలగొట్టబడి, టైకో నీడ చేరెను.

ఒకనికి కొలతలు కలవు, మరియొకనికి గణితము కలదు. ఒకరు లేక ఒకరికి గడవదు. కాని ఇరువురికి పొసగదు. టైకో తన ధనమును ఒక్కమారుగా పంచిపెట్టువాడు కాడు. భోజనసమయమున మాటలనడుమ ఒక గ్రహపు సంఖ్య నొకటి జారవిడుచువాడు; కెప్లరు దాని నేరుకొనువాడు. తుదకు కుజగ్రహపు లెక్కలు అతనికి అప్పగింపబడినవి. అన్నిటికంటె చిక్కు గ్రహమది. ఎనిమిది దినములలో తేల్చెదనని కెప్లరు పందెము వేసెను. అయిదేండ్లు పట్టెను!

1601 అక్టోబరులో టైకో మరణించెను. తన శ్రమ వ్యర్థము కారాదని తుదిదినములలో అతడు పరితపించెను. చక్రవర్తి కెప్లరును ఆ స్థానమున నియమించెను. బిరుదు గొప్పది, జీతము మాత్రము కాగితముమీదనే యుండెడిది. టైకో బంధువులు కొలతల పుస్తకములు తమ యాస్తి యని వివాదపడిరి. అతడు మాత్రము వానిని విడువక కుజునితో పోరు సాగించెను.

కుజుని చూచుట భూమిమీదనుండి. భూమియో, తానే పరుగెత్తుచున్నది. నడచు పడవలో కూర్చుండి మరియొక పడవ నడకను కొలుచుటవంటి పని. కెప్లరు ఒక యుపాయము పన్నెను. కుజుడు 687 దినముల కొకమారు తన చోటికి తాను తిరిగివచ్చును. భూమి యట్లు రాదు. వేరొక చోట నుండును. కాబట్టి 687 దినముల యెడమున చేసిన కొలతలను ఏర్చి తీసికొనినచో, కుజుడు పాతిన దీపస్తంభమువలె నిలిచినట్లే యగును. భూమి నడకయే తేలును. అనగా కెప్లరు మనస్సులో కుజునిమీదికి పోయి, అచ్చటనుండి భూమిని చూచెను. ఇంతకు మునుపు ఎవ్వరికిని ఇట్టి యూహ తట్టలేదు. భూమి సూర్యుని చేరువ నున్నప్పుడు వేగముగను, దూరమున నున్నప్పుడు మెల్లగను నడచునని ఇట్లు స్థిరపడెను.

తరువాత కుజుడు. గ్రహకక్ష్యలు వృత్తములేయని రెండువేల యేండ్లుగా అందరి నమ్మకము. కెప్లరు నమ్మకమును అదియే. నాలుగు కొలతలను ఆధారముగా గొని, వృత్తమును ఇటు జరిపి అటు జరిపి, డెబ్బదిమారులు లెక్కవేసెను. నేటివలె యంత్రములు లేవు. ప్రతి గుణకారము చేతితో చేయవలసినదే. తుద కొక నమూనా కుదిరెను. అది కుజుడు కనబడు దిక్కును రెండు కళల లోపల సరిగా చెప్పెను. మరియొక డైనచో అచ్చటనే గ్రంథము ముగించి కీర్తి గడించియుండును. కెప్లరు అట్లు చేయక దానిని మరియొక విధమున పరీక్షించెను. దిక్కులను సరిగా చెప్పిన నమూనా దూరములను తప్పు చెప్పెను! దూరములు సరిపోవునట్లు దిద్దగా, ఈసారి దిక్కు తప్పెను. ఎంత? ఎనిమిది కళలు. చంద్రబింబములో నాలుగవ వంతు.

ఎనిమిది కళలు ఒక లెక్కా? నాటి పాత పట్టికలు కుజుని విషయమున డిగ్రీల కొలది తప్పుచుండెను. కొలతదోషమని సరిపెట్టుకొన్నచో అడుగువారు లేరు. కాని టైకో అంత పొరపడడని కెప్లరునకు తెలియును. చచ్చిపోయినవాని రాత్రిజాగరణములమీద అతనికి గల విశ్వాసము తన సొంత లెక్కలమీది మమకారముకంటె పెద్దది. ఏండ్లతరబడి చెమటోడ్చి కట్టిన నమూనాను అతడు పడగొట్టెను. వృత్తమునుగూడ విడిచెను.

ఇక త్రోవ చూపువారు లేరు. అంత అతడు పోలికలను చేతికఱ్ఱగా పట్టుకొనెను. సూర్యునికి చేరువ నున్నప్పుడు గ్రహము వేగముగ నేల నడచును? సూర్యునినుండి ఏదో శక్తి వెలువడి గ్రహములను త్రోయుచుండవలెను. ఆ శక్తి యెట్టిది? వెలుగువంటిదని యూహించెను. వెలుగును సూర్యునినుండియే పుట్టును. దూరము పోయినకొలది క్షీణించును. ఇంతవరకు పోలిక చక్కగా నడచెను. ఐనను కెప్లరు అచ్చట ఆగక, పోలిక ఎచ్చట తెగునో వెదకెను. ఒక గ్రహము అడ్డుపడినచో వెలుగు ఆగును, గ్రహణ మగును. కాని గ్రహణ సమయమున ఏ గ్రహమును నడక మానదు గదా! కాబట్టి ఈ శక్తి వెలుగు కాదు, వెలుగునకు చుట్టము మాత్రమే. పిమ్మట సూదంటురాతితో పోల్చెను. ఇంగ్లండులో గిల్బర్టు అను వైద్యుడు భూమియే ఒక పెద్ద సూదంటురాయి యని 1600 లో గ్రంథము వ్రాసియుండెను. సూర్యుడును అట్టిదేమో యని తలచెను. ఏటి సుడిలో చిక్కిన పడవను చుక్కాని త్రిప్పి పడవవాడు ఒడ్డునకు చేరువగను, దూరముగను నడుపుటతోను పోల్చెను. ఒక్కొక్క పోలికనుండి ఒక్కొక్క ఫలితమును లాగి, దానిని టైకో కొలతలముందు నిలబెట్టెను. నిలిచిన దానిని ఉంచుకొనెను. నిలువని దానిని విడిచెను.

పోలిక చెప్పిన మాటలలో ఒకటి మిక్కిలి చిత్రమైనది. సూర్యుడు గ్రహములను త్రిప్పుచున్నచో తానును తిరుగుచుండవలెను. సూర్యుడు తిరుగుట అంతవరకు ఎవ్వరును చూడలేదు. 1611 నాటికి దూరదర్శినులతో సూర్యునిమీది మచ్చలను చూచినవారు అవి కదలుచున్నవని, సూర్యుడు నిజముగా తిరుగుచున్నాడని కనుగొనిరి. కెప్లరు మూడు దినముల కొక చుట్టని యూహించెను. నిజమునకు సుమారు ఇరువదియైదు దినములు పట్టును. త్రోయు శక్తియను భావమును తప్పే. గ్రహమును ప్రక్కకు త్రోయ నక్కరలేదు, సూర్యునివైపు లాగుట చాలునని 1687 లో న్యూటను నిరూపించెను. ఐనను గ్రహగతికి భౌతిక కారణ ముండవలెనని కెప్లరు పట్టుబట్టి అడిగెను.

వృత్తము పోయిన తరువాత గ్రుడ్డువంటి ఆకృతిని ప్రయత్నించెను. ఒకవైపు లావు, ఒకవైపు సన్నము. దానితో ఏడాదికి పైగా బాధపడెను. కుదురలేదు. కక్ష్య వృత్తముకంటె ప్రక్కల ఎంత లోపలికి నొక్కుకొనియున్నదో లెక్కింపగా, వ్యాసార్ధము లక్ష భాగము లైనచో 429 భాగములని వచ్చెను. ఆ సంఖ్య అతనిని వెంటాడెను. ఒకనాడు వేరొక కోణపు లెక్క చూచుచుండగా 100429 అను సంఖ్య యెదురయ్యెను. నిద్రనుండి మేల్కొన్నట్లు అయ్యెను. అచ్చటనుండి మరల తడబడి, ఒక తప్పుడు లెక్కవలన సరియైనదానిని విడిచి, తిరిగి దానికే వచ్చి, 1605 లో నిశ్చయమునకు వచ్చెను. కుజుని కక్ష్య దీర్ఘవృత్తము! సూర్యుడు దాని రెండు నాభులలో నొకదానియందు కలడు.

బల్లమీద రెండు మేకులు కొట్టి, వానికి వదులుగా దారము కట్టి, పెన్సిలుతో ఆ దారమును బిగియబట్టి చుట్టు త్రిప్పినచో దీర్ఘవృత్త మేర్పడును. మేకులున్న చోట్లే నాభులు. కెప్లరు అయిదేండ్ల పోరాటపు ఫలమును ఏ విద్యార్థియైనను నేడు అరనిమిషములో గీయవచ్చును. సూర్యునినుండి గ్రహమునకు గీచిన రేఖ సమాన కాలములలో సమాన వైశాల్యములను చిమ్మునను నియమము అంతకు మునుపే అతనికి దొరికియుండెను. ఈ రెండును 1609 లో వెలువడిన 'నూతన జ్యోతిషము' అను గ్రంథమున కలవు. ఆ గ్రంథములో తాను గమ్యము చేరిన మార్గమునే గాక, దారి తప్పిన చోట్లను గూడ అతడు దాచక వ్రాసెను.

ప్రేగు నగరమున నున్న కాలముననే మరి రెండు చక్కని పనులు చేసెను. 1604 లో కంటిని గూర్చి వ్రాసెను. చీకటిగదికి చిన్న రంధ్రము చేసినచో వెలుపలి దృశ్యము ఎదుటి గోడమీద తలక్రిందులుగా పడును. కన్నును అట్టి చీకటిగదియే యనియు, లోపలి పొరమీద బొమ్మ తలక్రిందులుగా పడుననియు చూపెను. చూపు సరిగా లేనివాడు చూపు రహస్యమును విప్పెను! 1611 ప్రాంతమున ప్రేగులోని వంతెనమీద నడచుచుండగా అతని కోటుమీద మంచుపలుకులు పడినవి. అన్నియు ఆరు కొనలు గలవే. అయిదు గాని ఏడు గాని ఏల కావు? దానిమ్మగింజలు ఇమిడియుండు తీరుతో పోల్చి చూచి, గుండ్లను మిక్కిలి దగ్గరగా పేర్చుటకు పండ్ల యంగడివాడు బత్తాయిలను పేర్చు పద్ధతికంటె మేలైనది లేదని వ్రాసెను. నిరూపణ మాత్రము చూపలేదు. అమెరికా గణితజ్ఞుడు థామస్ హేల్సు 1998 లో కంప్యూటరు సాయముతో దానిని నిరూపించెను. దానిలో ప్రతి యడుగును యంత్రముచే మరల సరిచూచు పని 2014 లో ముగిసెను. వంతెనమీది యూహకు జవాబు నాలుగు వందల యేండ్లకు దొరికెను.

ఆ 1611 వ సంవత్సరమే అతనికి పెనుదెబ్బ. ఆరేండ్ల కుమారుడు మశూచికముతో పోయెను. భార్య బార్బరా మరణించెను. చక్రవర్తి తన యధికారమును చాలవరకు కోల్పోయెను. కెప్లరు మిగిలిన బిడ్డలతో లింట్సు పట్టణమునకు పోయి, అచ్చట గణితోపాధ్యాయుడై, 1613 లో పునర్వివాహము చేసికొనెను.

1615 లో తల్లిమీద నింద పుట్టెను. ఆమె యిచ్చిన పానీయము త్రాగి జబ్బుపడితినని పొరుగు స్త్రీ యొకతె ఆరోపించెను. ముసలమ్మ మంత్రగత్తె యని ఊరంతయు గుసగుసలాడెను. ఎవరి కాలు నొచ్చినను, ఎవరి దూడ చచ్చినను ఆమె పనియే యనిరి. ఆ కాలమున జర్మనీలో అట్టి నిందకు శిక్ష సజీవదహనము. దీనిలో కెప్లరునకు మరియొక శల్యము కలదు. చాల యేండ్ల క్రింద అతడు చంద్రలోకమును గూర్చి ఒక కల్పిత కథను వ్రాసియుండెను. చంద్రునిమీద నివసించువారికి తమ చంద్రుడు కదలనట్లును, భూమియే ఆకాశమున గిరగిర తిరుగుచున్నట్లును తోచును గదా. అటులనే భూమి కదలదని మనకు తోచుటయు భ్రమ యని చూపుటకు అల్లిన కథ యది. ఆ కథలో మూలికలు అమ్మి జీవించు ఒక తల్లి భూతమును రప్పించి కుమారునికి చంద్రలోకపు విశేషములు చెప్పించును. ఆ వ్రాతప్రతి ఎట్లో బయటికి పొక్కి, తల్లిమీది నిందకు దోహదమైనదని కెప్లరు నమ్మి కుమిలిపోయెను. సత్యమును బోధించుటకు పన్నిన పోలికను జనులు సాక్ష్యముగా గైకొనిరి.

1620 ఆగస్టులో డెబ్బది దాటిన ఆ ముసలిదానిని బంధించి గొలుసులు వేసిరి. కెప్లరు తన పనులన్నియు మాని స్వదేశమునకు పోయి, తానే ఆమె పక్షమున వాదము వ్రాసెను. కుజుని లెక్కలు సరిచూచినట్లే ఒక్కొక్క ఆరోపణను సరిచూచెను. ఏ సాక్షి మాట ఏ సాక్షి మాటతో పొసగదో, ఏ జబ్బుకు ఏ సహజ కారణము కలదో విడమరచి చెప్పెను. తుదకు చిత్రహింస చేయు పరికరములను ముందుంచి, ఒప్పుకొమ్మని ఆమెను బెదరించిరి. కాతరీనా బెదరలేదు, తాను చేయని దానిని ఒప్పుకొనలేదు. పదునాలుగు నెలల చెర తరువాత 1621 అక్టోబరులో ఆమెను విడిచిపెట్టిరి. ఆరు మాసములకు ఆమె కన్నుమూసెను.

ఈ కష్టముల నడుమనే అతని మూడవ నియమము దొరికెను. 1618 మార్చి 8 వ తేదీన అది మనస్సున మెరసెను. లెక్క తప్పుటచే విడిచెను. మే 15 వ తేదీన మరల వచ్చి నిలిచెను. గ్రహము ఒక చుట్టు తిరుగు కాలమును వర్గము చేసినచో, సూర్యునినుండి దాని సగటు దూరమును ఘనము చేసినదానితో అన్ని గ్రహములకు ఒకే నిష్పత్తిలో నుండును. భూమి దూరము 1, కాలము 1 సంవత్సర మనుకొందము. గురుని దూరము 5.2, ఘనము చేసిన 140.6. గురుని కాలము 11.86 ఏండ్లు, వర్గము 140.7. పిల్లలు స్వయముగా గుణించి చూడవచ్చును. 1970 దశకపు చివర అమెరికాలో హెర్బర్టు సైమను, అతని సహచరులు సంఖ్యలలో నియమములను వెదకు ఒక కంప్యూటరు ప్రోగ్రామును రచించి, దానికి బేకను అని పేరుపెట్టిరి. దూరములు, కాలములు ఇచ్చినంతనే అది ఈ మూడవ నియమమును పట్టుకొనెను. గొప్ప సంగతియే. ఐతే ఏ సంఖ్యలు చూడవలెనో మనుష్యులే ఏర్చి దాని ముందుంచిరి. కెప్లరు ముందు అట్లు ఎవ్వరును ఉంచలేదు. పూర్వము అయిదు ఘనాకృతులను కల్పించినవాడు, ఆ దూరములకు కారణమును ఇరువదిమూడేండ్లు విడువక వెదకుచుండుటచేతనే ఆ సంఖ్యలు అతని బల్లమీద నుండెను.

అదే 1618 లో ముప్పదేండ్ల యుద్ధ మారంభమయ్యెను. టైకో కొలతల ఆధారముగా గ్రహముల స్థానములను తెలుపు పట్టికలను అచ్చువేయించుట కెప్లరునకు మిగిలిన ఋణము. 1626 లో లింట్సు ముట్టడింపబడి, ముద్రణాలయము తగులబడెను. వ్రాతప్రతిని బండిమీద వేసికొని అతడు ఉల్ము నగరము చేరి, సొంత ధనము చాలవరకు వెచ్చించి 1627 లో గ్రంథమును వెలువరించెను. గతించిన చక్రవర్తి పేర దానికి రుడాల్ఫు పట్టిక లని పేరు.

రావలసిన జీతపు బాకీలు మాత్రము రాలేదు. వానిని వసూలు చేసికొనుటకై 1630 శరత్కాలమున, ఏబదియెనిమిదేండ్ల వయస్సున, ఒక ముసలి గుఱ్ఱము నెక్కి రేగెన్సుబర్గు నగరమునకు పోయెను. చేరిన కొలది దినములకే జ్వరము తగిలి, నవంబరు 15 వ తేదీన మరణించెను. సమాధి చేసిన శ్మశానమును కొన్నియేండ్లలో సైన్యములు నేలమట్టము చేసినవి.

చనిపోవుటకు మునుపు అతడు తన పట్టికలనుండి ఒక సంగతిని గణించి, జ్యోతిష్కులందరు చూడవలెనని ప్రకటించియుండెను. 1631 నవంబరు 7 వ తేదీన బుధగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచునని దాని సారాంశము. ఆనాడు పారిసు నగరమున పియేర్ గసెండీ యను పండితుడు చీకటిగదిలో తెరమీద సూర్యబింబమును పడనిచ్చి కాచుకొనియుండెను. బుధుడు పెద్దదిగా కనబడునని అతడు తలచుటచే, ప్రొద్దున ఆ చిన్న నల్లచుక్కను చూచి మొదట సూర్యునిమీది మచ్చ యనుకొనెను. కొంతసేపటికి ఆ చుక్క కదలెను.